ఇనుప ఖనిజం: నాణ్యత లెక్కల చాటున దోపిడీ

విశాఖ ఉక్కు కర్మాగారం నష్టాలలో ఉన్నదన్న వార్త వచ్చిన ప్రతిసారీ ఆర్థిక పండితులు ఒకే పాట పాడుతున్నారు. కార్మికుల సంఖ్య ఎక్కువ, వేతనాలు ఎక్కువ, క్రమశిక్షణ తక్కువ, కనుక అమ్మివేయవలసిందే అన్నది ఆ పాట పల్లవి. కొలిమిలో పడే ఖనిజం ఎక్కడి నుండి వస్తున్నది, ఏ ధరకు వస్తున్నది, ఆ ధరను ఎవరు నిర్ణయించారు అన్న ప్రశ్న మాత్రం వారి నోట రాదు. ఉక్కు తయారీ వ్యయంలో ఖనిజం, బొగ్గు ఎంత భాగమో తెలియక వారు ఈ ప్రశ్న అడగకపోవడం లేదు. ఆ ప్రశ్న అడిగితే వేలు చూపవలసింది కార్మికుని వైపు కాదు గనుక అడగడం లేదు.

ఇనుప ఖనిజం విషయంలో కార్మికోద్యమం ఇంతవరకు రెండు మాటలతో సరిపెట్టుకున్నది. “సొంత గనులు ఇవ్వాలి” అన్నది ఒకటి, “ఎగుమతులు ఆపాలి” అన్నది రెండవది. రెండూ న్యాయమైన కోర్కెలే. అయితే యాజమాన్యాలు, ప్రభుత్వాలు ప్రతిసారీ “నాణ్యత” అనే మాటను అడ్డువేసి మన నోరు మూయిస్తున్నాయి. ఫలానా గనిలో నాణ్యత లేదు, ఫలానా ఖనిజం ఇక్కడి కొలుములకు పనికిరాదు, ఫలానా గుట్ట వట్టి వ్యర్థం అని వారు చెబుతారు, మనం వింటాం. ఈ నాణ్యత అంటే ఏమిటో, రాయికి విలువ ఎట్లా వస్తుందో గని కార్మికునికి, కొలిమి కార్మికునికి, రేవు కార్మికునికి స్పష్టంగా తెలియవలసిన అవసరం ఉన్నది. ఖనిజశాస్త్రం ఇంజనీర్ల సొంత ఆస్తి కాదు. రాతిని తవ్వి, ఏరి, మోసి, కరిగించే వర్గానికి ఆ రాతిని గురించి తెలుసుకునే హక్కు అందరికంటె ముందు ఉన్నది.

ఖనిజంలో రకాలు

ఇనుము ప్రకృతిలో విడిగా దొరకడం బహు అరుదు. ప్రాణవాయువుతోనో, నీటితోనో, బొగ్గుపులుసు వాయువుతోనో కలిసి రాతి రూపంలో ఉంటుంది. ఏ రూపంలో ఉన్నదన్న దానిని బట్టి అందులో ఎంత ఇనుము ఉండగలదో నిర్ణయమవుతుంది.

మొదటిది హెమటైట్. గీస్తే ఎర్రని గీత పడుతుంది. ఏ మలినమూ లేని హెమటైట్‌లో నూటికి 70 పాళ్ళు ఇనుము, 30 పాళ్ళు ప్రాణవాయువు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా, దల్లీ రాజహరా, ఒడిశా, ఝార్ఖండ్ సరిహద్దు కొండలు, కర్ణాటకలోని బళ్ళారి–హోస్పేట ప్రాంతం ఈ రకానికి నిలయాలు. మన ఉక్కు పరిశ్రమ దాదాపు అంతా దీని మీదనే నడుస్తున్నది.

రెండవది మాగ్నటైట్. నల్లగా ఉంటుంది, అయస్కాంతానికి అంటుకుంటుంది. శుద్ధమైన మాగ్నటైట్‌లో ఇనుము 72 పాళ్ళు దాటుతుంది. కాగితం మీద ఇదే మేలిమి రకం. కాని మన దేశంలో ఇది చాలాచోట్ల పలుగురాతి పొరలతో పెనవేసుకొని ఉన్నందున తవ్విన రాతిలో ఇనుము 30, 40 పాళ్ళ మధ్యనే ఉంటుంది. పిండి చేసి, అయస్కాంతంతో వేరుచేసి, గుళికలుగా కాల్చిన తరువాతనే అది కొలిమికి పనికివస్తుంది. కర్ణాటక పడమటి కనుమలలోని కుద్రేముఖ్, మన ఒంగోలు ప్రాంతపు నిక్షేపాలు ఈ కోవకు చెందినవి.

మూడవది నీటిని తనలో ఇముడ్చుకున్న గోతైట్, లిమొనైట్ రకాలు. పసుపు, గోధుమ రంగులలో ఉంటాయి. శుద్ధమైన గోతైట్‌లోనే 63 పాళ్ళకు మించి ఇనుము ఉండదు. ఇందులోని నీటిని ఆవిరి చేయడానికి కొలిమిలో అదనపు వేడి ఖర్చు అవుతుంది. నాలుగవది సిడరైట్, ఇందులో ఇనుము 48 పాళ్ళు మాత్రమే. మన దేశంలో దీనికి వాణిజ్య ప్రాధాన్యం లేదు.

ఈ అంకెలను ప్రతి కార్మికుడూ గుర్తుపెట్టుకోవాలి. నూరు టన్నుల హెమటైట్ ఖనిజంలో 63 టన్నుల ఇనుము ఉన్నదంటే, శుద్ధమైన హెమటైట్‌లో ఉండేది 70 గనుక, ఆ రాశిలో నూటికి తొంభై వంతులు అసలు ఖనిజం, పది వంతులు మట్టి, ఇసుక, ఇతర మలినాలు అన్నమాట. ఈ చిన్న లెక్క రానివానిని ఏ గుమాస్తా అయినా మోసం చేయగలడు.

రాయికి ధర వచ్చే తీరు

ఇనుము పాళ్ళు ఎక్కువగా ఉంటే ధర ఎక్కువ అన్నది అందరికీ తెలిసినదే. కాని అది సగం సత్యమే. మిగిలిన సగంలోనే వ్యాపారి గడుసుతనమంతా దాగి ఉన్నది.

మొదట మలినాల సంగతి. సిలికా, అల్యూమినా కొలిమిలో చిట్టెంగా మారాలి. అందుకు సున్నపురాయి, కోక్ అదనంగా వేయాలి. మన దేశపు హెమటైట్‌కు పుట్టుకతో వచ్చిన లోపం అల్యూమినా. అది మోతాదు మించితే చిట్టెం చిక్కబడి కొలిమి నడక మందగిస్తుంది, కోక్ వినియోగం పెరుగుతుంది, ఉత్పత్తి పడిపోతుంది. కొలిమి దగ్గర నిలబడిన కార్మికుడు ఆ చిక్కని చిట్టెంతో ఎంత సేపు పెనుగులాడినా, నెల చివర లెక్కలలో అది “కార్మిక ఉత్పాదకత తగ్గుదల” అనే పద్దు కిందనే చేరుతుంది! భాస్వరం ఇంకా మొండిది. ఖనిజంలోని భాస్వరం దాదాపు అంతా కరిగిన ఇనుములోకి దిగి, ఉక్కును పెళుసుగా చేస్తుంది. గంధకం ఎక్కువైతే ఎర్రగా కాలిన ఉక్కు సాగగొట్టేటప్పుడు చిట్లుతుంది. అందుచేత 62 పాళ్ళ శుభ్రమైన ఖనిజం, 64 పాళ్ళ మలిన ఖనిజం కంటె ఎక్కువ ధర పలికే సందర్భాలు ఉన్నాయి.

రెండవది భౌతిక రూపం. గడ్డ ఖనిజాన్ని నేరుగా కొలిమిలో వేయవచ్చు. గాలి దాని సందులలో నుండి పైకి పోతుంది. పొడిని అట్లా వేస్తే కొలిమికి ఊపిరాడదు. పది మిల్లీమీటర్ల లోపు పొడిని కోక్ పొడితో, సున్నంతో కలిపి కాల్చి సింటర్ చేయాలి. అంతకంటె మెత్తని పిండిని గుళికలుగా చుట్టి కాల్చాలి. బైలడిల్లాలో నీలి ధూళి అని పిలిచే మెత్తని హెమటైట్ పిండిలో ఇనుము గడ్డ ఖనిజానికి ఏ మాత్రం తీసిపోదు. అయినా సింటర్, గుళికల కర్మాగారాలు లేనంతకాలం దానికి విలువ లేదని గుట్టలుగా పోసి వదిలివేశారు. ఖనిజం అదే, భూమి అదే. యంత్రం రాగానే వ్యర్థం సంపద అయింది. దీనిని బట్టి వాణిజ్య విలువ రాతిలో పుట్టుకతో ఉండే గుణం మాత్రమే కాదని, శ్రమ, విజ్ఞానం, పెట్టుబడి కలిసి దానికి ఇచ్చే గుణమని రుజువవుతున్నది.

మూడవది తేమ. ప్రపంచ మార్కెట్‌లో ధర పొడి బరువు మీద లెక్కిస్తారు. నూరు టన్నుల తడి ఖనిజంలో ఎనిమిది పాళ్ళు నీరు ఉంటే అసలు సరుకు 92 టన్నులే. అందులో ఇనుము 60 పాళ్ళు అయితే కొనుగోలుదారునికి అందేది 55 టన్నుల పైచిలుకు మాత్రమే. ఈ తేమ లెక్క, నమూనా తీసే పద్ధతి, ప్రయోగశాల చీటీ అనే మూడింటి మధ్య ఎన్ని లక్షల రూపాయలు చేతులు మారగలవో వే బ్రిడ్జి దగ్గర పనిచేసే ప్రతివానికీ తెలుసు.

నాలుగవది రవాణా. గోవా ఖనిజంలో చాలా భాగం మన కొలుములు కోరని తక్కువ రకం. అయినా మాండవి, జువారి నదుల మీద పడవలలో మర్మగోవా రేవుకు చౌకగా చేరగలిగినందుననే దశాబ్దాలపాటు అది విదేశాలకు పోయింది. అదే ఖనిజం దేశం నడిబొడ్డున ఉంటే ఎవరూ తాకేవారు కారు. రైలు, రేవు, రోడ్డు ప్రజల ధనంతో నిర్మించినవి. అవి ఇచ్చిన విలువ మాత్రం గనిదారు జేబులోకి పోయింది.

బైలడిల్లా నుండి విశాఖ వరకు

ఈ సత్యానికి తెలుగువారి కళ్ళ ముందున్న నిదర్శనం కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో కుదిరిన ఒప్పందం ప్రకారం బైలడిల్లా నుండి ఏటా 40 లక్షల టన్నులు, కిరిబురు నుండి 20 లక్షల టన్నులు ఎగుమతి చేయవలసి ఉన్నది. అందుకొరకు అనంతగిరి, అరకు కొండలను తొలిచి సుమారు 445 కిలోమీటర్ల మార్గం వేశారు. 1968లో కిరందుల్‌లోని 14వ నిక్షేపం, 1977లో బచేలిలోని 5వ నిక్షేపం ఉత్పత్తిలోకి వచ్చాయి. భారీ ఓడల కొరకు విశాఖలో బయటి హార్బరు 1976లో ప్రారంభమైంది. కొండను తొలిచినది, రైలును నడిపినది, ఓడను నింపినది భారత కార్మికుడు; కొలుములు వెలిగినవి మాత్రం జపాన్‌లో!

ఈ ఖనిజం ప్రపంచంలోని మేలిమి హెమటైట్‌లలో ఒకటి. ఇనుము 65 పాళ్ళకు అటూ ఇటూగా ఉంటుంది. దీనిని తవ్వే జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1958లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ. దాని ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే ఉన్నది. విశాఖ ఉక్కు కూడా ప్రభుత్వరంగ సంస్థే. ఒకే యజమాని, ఒకే ఖజానా. మధ్యన ఒక్క రైలుమార్గం. అయినా ఒక చేతి నుండి మరొక చేతికి ఖనిజం పోయేటప్పుడు లాభంతో కూడిన మార్కెట్ ధర చెల్లించవలసి వస్తున్నది.

ఇదే బైలడిల్లా పొడి ఖనిజాన్ని కిరందుల్ నుండి విశాఖకు నీటితో కలిపి పంపేందుకు 267 కిలోమీటర్ల గొట్టపు మార్గాన్ని ఒక ప్రైవేటు సంస్థ నిర్మించింది. ఎస్సార్ పేర మొదలై, 2019 చివర ఆర్సెలర్ మిట్టల్–నిప్పన్ ఉమ్మడి సంస్థ చేతికి వచ్చిన ఆ గొట్టం విశాఖలోని గుళికల కర్మాగారానికి ఖనిజాన్ని చేరవేస్తుంది. ప్రైవేటు పెట్టుబడికి కొండ నుండి సముద్రం దాకా దారి దొరికింది. అదే ఊరిలో ప్రజల త్యాగాలతో నిలిచిన కర్మాగారానికి ఒక్క గని దొరకలేదు.

గని లేని కర్మాగారం

“విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు” నినాదంతో 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు అర్పించారు. 1970 ఏప్రిల్‌లో ప్రధాని పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న మూడు కొలుములు 73 లక్షల టన్నుల స్థాయికి ఎదిగాయి. కాని ఆ కర్మాగారం పుట్టిననాటి నుండి నేటివరకు దానిని పోషించగల సొంత ఇనుప గని లేకుండానే బతికింది.

మిగిలినవారి సంగతి చూద్దాం. భిలాయికి దల్లీ రాజహరా ఉన్నది. బొకారోకు కిరిబురు, మేఘాహతుబురు ఉన్నాయి. రూర్కెలాకు బర్సువా ఉన్నది. ప్రైవేటు రంగంలోని టాటా కంపెనీకి నోవాముండి, జోడా ఉన్నాయి. సొంత గని ఉన్నవానికి ఖనిజం తవ్వకపు ఖర్చుకు, రాయల్టీకి దొరుకుతుంది. లేనివాడు మార్కెట్ ధర చెల్లించాలి. ఒక టన్ను ఉక్కుకు సుమారు 1.6 టన్నుల ఖనిజం కావాలి. ఈ లెక్కన విశాఖ పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి కోటి టన్నులకు పైగా ఖనిజం అవసరం. టన్నుకు ఒక్క వేయి రూపాయలు తేడా ఉన్నదనుకున్నా ఏడాదికి వేయి కోట్ల రూపాయలకు పైబడిన భారం! కార్మికుల చెమట ఎంత పిండినా ఈ గండి పూడుతుందా? ఒక పరుగుపందెగాని కాళ్ళకు రాయి కట్టి, వెనుకబడ్డాడని నిందించి, అతని చోటును అమ్మకానికి పెట్టడం న్యాయమా?

2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం ఈ కర్మాగారంలోని ప్రభుత్వ వాటాను నూటికి నూరు పాళ్ళు అమ్మివేయడానికి ఆమోదం తెలిపింది. కార్మికులు నెలల తరబడి, ఏళ్ళ తరబడి దీక్షా శిబిరాలు నడిపారు. 2024లో ముడిసరుకు, నిర్వహణ పెట్టుబడి కొరతతో మూడు కొలుములలో ఒక్కటే మండిన రోజులు వచ్చాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించవలసి వచ్చింది. ఇది పోరాట ఫలితం. దీనిని తక్కువ చేసి చూడనవసరం లేదు. అయితే డబ్బు ఒక విడత వస్తుంది, ఖర్చు అవుతుంది. గని మాత్రం ప్రతిరోజూ ఖనిజం ఇస్తుంది. చిల్లికుండలో నీరు పోసి, కుండ నిండలేదని కుమ్మరిని తిట్టే పద్ధతి ఇకనైనా ఆగాలి.

“తక్కువ రకం” అన్న సాకు

ఇక నాణ్యత అనే ఆయుధాన్ని ఎట్లా వాడుతున్నారో చూద్దాం. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం పదమూడవ షెడ్యూలులో కడప జిల్లాలోను, ఖమ్మం జిల్లాలోను ఉక్కు కర్మాగారాల సాధ్యాసాధ్యాలను భారత ఉక్కు ప్రాధికార సంస్థ ఆరు నెలలలో పరిశీలించాలని రాశారు. ఫలితం ఏమిటి? లాభదాయకం కాదని తేల్చారు. బయ్యారం ఖనిజం తక్కువ రకం అన్నారు. సరే, బయ్యారం రాతిలో బైలడిల్లా నాణ్యత లేదని మేమూ ఒప్పుకుంటాం. శాస్త్రాన్ని కాదనడం కార్మికవర్గ లక్షణం కాదు. కాని తక్కువ రకం ఖనిజం అన్నంత మాత్రాన పరిశ్రమ అసాధ్యమా?

కుద్రేముఖ్ చరిత్ర సమాధానం చెబుతున్నది. అక్కడి మాగ్నటైట్‌లో ఇనుము 38 పాళ్ళకు అటూ ఇటూ మాత్రమే. 1976లో ఇరాన్ రుణంతో, ఇరాన్‌కు ఎగుమతి చేయడానికే ఆ సంస్థను స్థాపించారు. కొండ రాతిని పిండి చేసి, 67 కిలోమీటర్ల గొట్టం ద్వారా మంగళూరుకు పంపారు. 1979లో ఇరాన్‌లో ప్రభుత్వం మారి కొనుగోలు నిలిచిపోతే, ప్రాజెక్టును మూయలేదు. మంగళూరులో గుళికల కర్మాగారం కట్టి కొత్త మార్కెట్ వెదికారు. విదేశీ కొనుగోలుదారు కొరకు 38 పాళ్ళ రాయి “వ్యూహాత్మక సంపద” అయింది. వెనుకబడిన గిరిజన జిల్లా ఉద్యోగాలు అడిగితే అదే రకం రాయి “లాభదాయకం కాదు” అయింది! సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2005 డిసెంబరు 31తో కుద్రేముఖ్ తవ్వకం నిలిచిపోయింది. ఆ అడవులను, నదులను కాపాడవలసిన అవసరాన్ని మేము కాదనడం లేదు. మేము చెప్పేది ఒక్కటే: ఖనిజం పాళ్ళు పరిశ్రమ భవిష్యత్తును నిర్ణయించవు, ప్రభుత్వ విధానం నిర్ణయిస్తుంది. స్థానిక ఖనిజాన్ని శుద్ధిచేసి, బైలడిల్లా ఖనిజంతో కలిపి వాడే ప్రణాళికను ఎందుకు చేపట్టరు?

ఉక్కు విద్య ఈ గడ్డకు కొత్త కాదు. తెలంగాణలోని కోనసముద్రంలో మట్టి మూసలలో కరిగించిన ఉక్కు ఒకనాడు పడమటి దేశాల కత్తులకు ముడిసరుకు అయింది. మన “ఉక్కు” అన్న మాట నుండే ఐరోపా వారి “వూట్జ్” అన్న పేరు వచ్చిందని పండితులు చెబుతారు. ఆనాటి కొలిమివాడు తన దగ్గర దొరికిన ఖనిజంతోనే పని సాధించాడు. ఈనాటి ప్రభుత్వాలకు విద్య కాదు, సంకల్పం కొరవడింది.

యాభై ఎనిమిది పాళ్ళ గీత

ఎగుమతి సుంకంలో మరొక వింత ఉన్నది. 58 పాళ్ళకు పైబడిన ఖనిజానికి 30 శాతం సుంకం. దానికి లోబడినదానికి 2016 నుండి సుంకమే లేదు. 2022 మే నెలలో దేశంలో ఉక్కు ధరలు మండినప్పుడు ప్రభుత్వం అన్ని రకాల మీద 50 శాతం విధించింది. ఆరు నెలలు తిరగకముందే, నవంబరులో, గనిదారుల ఒత్తిడికి తలవంచి పాత పద్ధతినే తిరిగి నిలబెట్టింది.

ఒక్క పాయింటు తేడాతో 30 శాతం సుంకం ఉండటమా, సున్నా అవడమా అన్నది తేలిపోయే చోట, ప్రయోగశాల చీటీ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించడానికి పెద్ద చదువు అక్కర లేదు. మంచి ఖనిజంలో చెడు కలిపి గీత కిందికి దించడం గనిదారుకు లాభదాయకం అయినప్పుడు, దేశానికి మిగిలేది ఏమిటి? పైగా నేడు “తక్కువ రకం” అని పంపివేస్తున్నది రేపు మన సొంత కొలుములకు ఆధారం. భారత గనుల బ్యూరో స్వయంగా 45 పాళ్ళ వరకు హెమటైట్‌ను వ్యర్థంగా పారవేయరాదని, ఖనిజంగానే లెక్కించాలని హద్దు పెట్టింది. ఖనిజంగా లెక్కించవలసినదాన్ని శుద్ధిచేసే బాధ్యత గనిదారుకు లేదా?

రాయల్టీ చరిత్ర కూడా ఇంతే. 2009 ఆగస్టు వరకు టన్నుకు ముప్పై రూపాయలకు మించని స్థిరమైన రాయల్టీ వసూలు చేశారు. ప్రపంచ మార్కెట్‌లో టన్ను 150 డాలర్లు దాటిన 2008లో కూడా ప్రజలకు దక్కినది ఆ చిల్లరే. ఆ తరువాత అమ్మకపు ధరలో 10 శాతం, 2014 సెప్టెంబరు నుండి 15 శాతం అన్నారు. ఈ ధర ఖనిజం రకాన్ని బట్టి లెక్కింపబడుతుంది గనుక, గడ్డను పొడిగాను, 63 పాళ్ళను 59 పాళ్ళుగాను రాస్తే ఖజానాకు గండి పడుతుంది. నాణ్యత తగ్గించి రాసే దొంగ ఒక పక్క, నాణ్యత లేదని పరిశ్రమ నిరాకరించే ప్రభుత్వం మరొక పక్క!

బళ్ళారిలో జరిగింది అందరూ ఎరిగినదే. చైనా గిరాకీతో ధరలు పెరిగిన రోజులలో కొండలు రాత్రికి రాత్రి మాయమైనాయి. రెండు రాష్ట్రాల సరిహద్దు గుర్తులే వివాదంలో పడ్డాయి. 2010లో బెలెకేరి రేవులో అధికారులు స్వాధీనం చేసుకున్న ఖనిజమే పెద్ద ఎత్తున అక్కడి నుండి మాయమైంది. 2011 జూలైలో కర్ణాటక లోకాయుక్త నివేదిక, ఆ వెంటనే సుప్రీంకోర్టు నిషేధం వచ్చాయి. గనులు మూతపడినప్పుడు ఉపాధి కోల్పోయి వీధినపడినది డ్రైవర్లు, కూలీలు, మెకానిక్కులు. దోచినవానికి న్యాయవాదులు దొరికారు. తవ్వినవానికి ఒక నెల జీవనభృతి కూడా దొరకలేదు.

నాణ్యతను సృష్టించిన చేతులు

గడ్డ ఖనిజాన్ని చేతితో తవ్వి, మట్టిని విడదీసి, పరిమాణం ప్రకారం ఏరి, గంపలకెత్తినది కాంట్రాక్టు కార్మికుడు, ముఖ్యంగా ఆదివాసీ స్త్రీ. ప్రయోగశాల కంటె ముందు ఆమె కన్నే నాణ్యతను తేల్చేది. ఆ కంటికి ఏ ఒప్పందంలోను ధర కట్టలేదు. యంత్రాలు రాగానే ఆమెను గెంటివేశారు. దీనికి ఎదురుతిరిగిన కార్మికులపై 1978 ఏప్రిల్ 5న కిరందుల్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. అంతకు ముందు సంవత్సరం జూన్‌లో దల్లీ రాజహరాలో కాల్పులకు పదకొండు మంది కార్మికులు బలి అయినారు. అయినా అక్కడి కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహా నియోగి నాయకత్వాన నిలదొక్కుకొని, గుడ్డిగా యంత్రాలను వ్యతిరేకించక, పని పోకుండా యంత్రాలను ఎంతవరకు వాడవచ్చునో చెప్పే సొంత ప్రణాళికను యాజమాన్యం ముందు పెట్టారు. 1983లో తమ చందాలతో ఆసుపత్రి కట్టుకున్నారు. 1991 సెప్టెంబరు 28న నియోగిని హత్య చేశారు; ఆ ప్రణాళికను హత్య చేయలేకపోయారు.

ఇనుప గనుల కార్మికుల సంక్షేమానికి 1961లో సెస్సు చట్టం వచ్చింది. 1976లో మాంగనీసు, క్రోమ్ గనులను కూడా చేర్చారు. వైద్యానికి, ఇళ్ళకు, పిల్లల చదువులకు ఉద్దేశించిన ఆ సెస్సును వసూలు తక్కువగా ఉన్నదన్న నెపంతో 2016లో రద్దు చేశారు. వసూలు తక్కువైతే రేటు పెంచాలా, చట్టాన్నే తీసివేయాలా?

కొన్ని అభ్యంతరాలకు సమాధానం

“అంతర్జాతీయ ధరే న్యాయమైన ధర” అని కొందరు వాదిస్తారు. చైనా రేవులో 62 పాళ్ళ పొడికి ఏ రోజుకారోజు పలికే ధర ఆ దేశపు గిరాకీని, ఓడల అద్దెను, జూదగాళ్ళ అంచనాలను చూపుతుంది. బైలడిల్లా కొండ మీద తవ్వకపు ఖర్చుకు దానికి ఏ సంబంధమూ లేదు. ప్రజల సొత్తును ప్రజల కర్మాగారానికి ఇవ్వడానికి చైనా రేవు అనుమతి ఎందుకు?

“వేలం ద్వారానే గనులు ఇవ్వాలని 2015లో చట్టం మారింది” అని మరికొందరు అంటారు. ప్రభుత్వ సంస్థల కొరకు నిక్షేపాలను ప్రత్యేకించే అధికారం అదే చట్టంలోని 17ఎ సెక్షనులో ఉన్నది. చట్టం అడ్డు కాదు. 2021లో చట్టాన్ని సవరించి, సొంత వాడకానికని గని పొందినవారు తమ అవసరం తీరిన తరువాత ఏటి ఉత్పత్తిలో సగం వరకు అమ్ముకోవడానికి అనుమతించిన ప్రభుత్వానికి, విశాఖ కొరకు ఒక సెక్షను వాడే తీరిక లేదా?

ఆదివాసుల ప్రశ్న వీటన్నిటికంటె గంభీరమైనది. 2019 జూన్‌లో బైలడిల్లా 13వ నిక్షేపాన్ని తవ్వే పని ప్రైవేటు కంపెనీకి అప్పగించడానికి వ్యతిరేకంగా, తాము పూజించే నందిరాజు కొండను కాపాడుకోవడానికి వేలాది ఆదివాసులు కిరందుల్‌లో బైఠాయించారు. గ్రామసభ తీర్మానమే బూటకమన్నది వారి ఆరోపణ. రాష్ట్ర ప్రభుత్వం పని నిలిపి విచారణకు ఆదేశించవలసి వచ్చింది. శంకిని నది ఎర్రనీటితో పారడం ఆ ప్రాంతం దశాబ్దాలుగా అనుభవిస్తున్నది. మన కొలిమికి ఖనిజం కావాలని అడిగే మనం, ఆ నీరు తాగే మనిషిని మరచిపోతే మన కోర్కెకు నైతిక బలం ఉండదు. ఉన్న గనుల నుండి విశాఖకు కేటాయింపు, వ్యర్థంగా పోసిన పొడి శుద్ధి, ఆదివాసీ గ్రామసభల నిజమైన సమ్మతి — ఈ మూడింటిని కలిపి అడగడమే కార్మికవర్గ వైఖరి.

మన కోర్కెలు

1. విశాఖ ఉక్కు కర్మాగారానికి 17ఎ సెక్షను ప్రకారం గనిని ప్రత్యేకించాలి. అది జరిగేలోగా జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఖనిజాన్ని తవ్వకపు ఖర్చు, రాయల్టీ, పరిమితమైన లాభం ప్రాతిపదికన దీర్ఘకాలిక ఒప్పందంతో సరఫరా చేయాలి.

2. 2021 జనవరి నాటి అమ్మకపు నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా రద్దు చేయాలి.

3. 58 పాళ్ళ గీతను తొలగించి, ముడి ఖనిజం ఎగుమతులన్నిటి మీద సుంకం విధించాలి. ఆ ఆదాయంతో తక్కువ రకం ఖనిజాన్ని శుద్ధిచేసే, గుళికలు చేసే కర్మాగారాలను గని జిల్లాలలోనే ప్రభుత్వరంగంలో నెలకొల్పాలి.

4. ప్రతి గనిలోను, రేవులోను నమూనా తీయడం, తూకం, తేమ, ఇనుము పాళ్ళ పరీక్ష కార్మిక ప్రతినిధుల సమక్షంలో జరగాలి. ఫలితాలను నోటీసు బోర్డు మీద రోజువారీగా ప్రకటించాలి.

5. ఖనిజ ఉత్పత్తిలో శాశ్వత స్వభావం గల పనులన్నిటిలో కాంట్రాక్టు పద్ధతిని తొలగించి, ఉన్న కార్మికులనే పర్మినెంటు చేయాలి. రద్దయిన సంక్షేమ నిధిని పెంచిన రేటుతో పునరుద్ధరించాలి.

6. జిల్లా ఖనిజ నిధుల వ్యయంపై గ్రామసభలకు, కార్మిక సంఘాలకు తనిఖీ హక్కు ఉండాలి. నదుల కాలుష్యానికి గనిదారే బాధ్యత వహించాలి.

ఈ కోర్కెలలో నాలుగవది మన చేతిలోనే మొదలు కావలసిన పని. ప్రతి గని శాఖ, ప్రతి రేవు శాఖ తమ సభ్యులలో ఇద్దరు ముగ్గురికి నమూనా పద్ధతి, పాళ్ళ లెక్క నేర్పించాలి. చీటీలో రాసిన అంకెకు, కుప్పలో ఉన్న సరుకుకు తేడా కనిపిస్తే తేదీతో, వ్యాగను సంఖ్యతో రాసి పెట్టాలి. ఆ పుస్తకం వేతన చర్చలలో, కోర్టులలో, శాసనసభలలో మన సాక్ష్యం అవుతుంది. యాజమాన్యం లెక్కలను యాజమాన్యం నోట వినే రోజులకు మనం స్వస్తి చెప్పాలి.

గని కార్మికుడు, రైల్వే కార్మికుడు, రేవు కార్మికుడు, ఉక్కు కార్మికుడు ఒకే ఖనిజానికి నాలుగు చివరల నిలబడ్డారు. ఈ నలుగురినీ విడివిడిగా ఉంచినంతకాలం నాణ్యత పేరు చెప్పి ఒకరిని, నష్టం పేరు చెప్పి మరొకరిని కొడుతూనే ఉంటారు. నలుగురూ ఒక వేదిక మీదికి రావాలి. కిరందుల్, బచేలి, విశాఖ శాఖలు సంయుక్త సమావేశానికి వెంటనే పూనుకోవాలి. ఎర్ర రాతికి విలువ ఇచ్చింది మన శ్రమ. ఆ విలువ ఎక్కడికి పోవాలో నిర్ణయించే హక్కు కూడా మనదే. ఆ హక్కును సాధించుకుందాం!